రేగడి నేలల మీద పాత రెక్కల కోసం

గుంటూరు నుంచి ఒంగోలుకు సాగే 16వ నంబరు జాతీయ రహదారి ప్రధానంగా మిరపకూ పత్తికీ చెందిన దారి. ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన మిర్చి యార్డు, నగర పరిసరాల్లో బారులు తీరిన కోల్డ్ స్టోరేజీలు, వాటి ముందు టిక్కీలు దించుకుంటున్న లారీలు, ఎంత దూరం పోయినా వదలని ఘాటు, ఇవన్నీ దాటుకుని చిలకలూరిపేట చేరేసరికి పడమటి దిక్కున కోటప్పకొండ కనిపిస్తుంది. అక్కడి నుంచి మార్టూరు మీదుగా దక్షిణానికి పోతున్నకొద్దీ కనుచూపు మేరా నల్లరేగడి, అందులో పత్తి చేలు, మిరప తోటలు, నడుమ నడుమ పొగాకు బ్యారన్లు. ఇంత చదునైన నేలలో ఆకాశానికి అడ్డం వచ్చేది ఏదీ ఉండదు కనుక, పొలాలను కాక ఆకాశాన్ని చూడడానికి బయలుదేరే యాత్రికుడికి కూడా ఈ దారిలో కావలసినంత పని ఉంది. పాత సైనిక విమానాల మీద మక్కువ గల అటువంటి యాత్రికుడిని ఉద్దేశించి ఈ ప్రాంతాన్ని వర్ణించిన రచనలు దాదాపు లేవు; పంటల లెక్కలు, బౌద్ధ స్తూపాలు, తిరునాళ్ళు తెలిసినంతగా ఈ నేల మీది రన్‌వేలు తెలుగు పాఠకులకు తెలియవు.

పాత విమానాల అభిమానికి లోకంలో అన్నిటికన్నా అనుకూలమైన దేశం బ్రిటన్ అన్నది అందరూ ఒప్పుకునే మాట. అక్కడ వేసవి వచ్చిందంటే ఏదో ఒక మైదానంలో వైమానిక ప్రదర్శన జరుగుతూనే ఉంటుంది. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్ అనే చిన్న పచ్చిక మైదానంలో షటిల్‌వర్త్ సంగ్రహం వారు 1909 నాటి బ్లేరియో విమానాన్ని సైతం గాలి పూర్తిగా నెమ్మదించిన సాయంకాలాల్లో నేల మీద నుంచి పైకి లేపి చూపుతారు. 1938లో తొలి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు రాయల్ ఎయిర్‌ఫోర్స్ సేవలో చేరిన డక్స్‌ఫర్డ్ మైదానం మీద ఆ స్పిట్‌ఫైర్లే నేటికీ ఎగురుతాయి. లాంకాస్టర్ అనే నాలుగింజన్ల బాంబర్లు రెండో ప్రపంచయుద్ధంలో వేల సంఖ్యలో తయారైనా, ఈనాడు ఎగరగల స్థితిలో ప్రపంచం మొత్తం మీద మిగిలినవి రెండే, వాటిలో ఒకటి బ్రిటన్ వైమానిక దళపు స్మారక విభాగంలో ఉంది. ఇటువంటి ప్రదర్శనలకు వెళ్ళే అభిమాని ఆనందంలో అధికభాగం విమానం రాకముందే గడిచిపోతుంది: మబ్బు విడుతుందా, గాలి మళ్ళుతుందా, ఇంజను సరిగా పలుకుతుందా అన్న చింత, కనపడకముందే చెవిన పడే స్పిట్‌ఫైర్ల మెర్లిన్ ఇంజను మోత, ఆ మోతను బట్టి వచ్చేది ఏ విమానమో పోల్చుకోవాలన్న తహతహ. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ ఎక్కడిదాకా వచ్చిందోనని ఊరి పొలిమేరలో నిలబడి డప్పుల చప్పుడుకు చెవి ఒగ్గిన పల్నాటి వాడికి ఆ ఎదురుచూపు ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ప్రదర్శనలతో తెలుగు నేలకు సంబంధమే లేదనుకోవడం పొరపాటు. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన ధనంతో విమానాలు సమకూరిన బ్రిటన్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. స్క్వాడ్రన్ అంటే ఒకే పనికి నియమితమైన పది పదిహేను విమానాలు, వాటి సిబ్బంది కలిసిన దళం. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే పేరు 152, 253 స్క్వాడ్రన్లకూ వచ్చింది, వాటిలో 152వది స్పిట్‌ఫైర్లతో బ్రిటన్ గగనతల సంగ్రామంలో పోరాడింది. గుంటూరు వారికి దీనికన్నా దగ్గరి సంగతి మరొకటి ఉంది. అదే సంగ్రామంలో పాల్గొన్న 234, 264 స్క్వాడ్రన్లకు మద్రాస్ ప్రెసిడెన్సీ అనే పేరు ఉండేది, 1904లో ఏర్పడి ఒంగోలును కూడా తనలో కలుపుకున్న గుంటూరు జిల్లా ఆ ప్రెసిడెన్సీలో భాగం. యుద్ధనిధుల పేరిట ప్రజల నుంచి వసూలు చేసిన చందాలకు గుర్తింపుగా ఇటువంటి పేర్లు పెట్టేవారు, ఆ రోజుల్లో ఒక స్పిట్‌ఫైర్‌కు లెక్కకట్టిన ధర 5,000 పౌండ్లు. వలసపాలనలో చందా ఎంత ఇష్టంతో ఇచ్చారో, ఎంత ఒత్తిడితో ఇచ్చారో విడదీసి చెప్పడం కష్టమే అయినా, ఇంగ్లండ్ ఆకాశంలో తిరిగే ఆ పాత రెక్కల్లో ఈ రేగడి రైతు కష్టార్జితం కూడా కొంత ఉందన్న మాట మాత్రం నిలుస్తుంది. తరవాతి కాలంలో అక్కడి ప్రదర్శనలకు భారత వైమానిక దళం వాడి పక్కన పెట్టిన విమానాలు ఊపిరి పోశాయి. మన శిథిలాల గుట్టల నుంచి 1970లలో కొనుక్కుపోయిన స్పిట్‌ఫైర్లు, టెంపెస్ట్‌లలో కొన్ని అక్కడ బాగుపడి మళ్ళీ ఎగిరాయి. మనం పారేసిన దాన్ని వారు ఎగరేసుకుంటున్నారన్నది బాధగా ఒప్పుకోవలసిన నిజం.

తెలుగు అభిమానికి స్వస్థలంలో దొరికే అవకాశాలు తక్కువ. బేగంపేటలో రెండేళ్ళకొకసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రధానంగా కొత్త విమానాల వ్యాపార ప్రదర్శన. విశాఖ సముద్రతీరంలో 2017 నుంచి మ్యూజియంగా మారిన తుపోలెవ్ 142 నౌకాదళ విమానం చూడవలసినదే, 29 ఏళ్ళ సేవలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన ఘనత దానిది. కాని దాని ఇంజన్లు ఇక పలకవు. పలికే ఇంజను కోసం వెతికే యాత్రికుడు చేరవలసిన చోటు మార్టూరు, మేదరమెట్ల ఊళ్ళున్న ఈ రహదారి ముక్కే.

పూర్వపు ప్రకాశం జిల్లాలో, 2022 విభజన నాడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన భాగంలో, అద్దంకికి సమీపాన కొరిశపాడు, రేణింగవరం ప్రాంతంలో రహదారి ఉన్నట్టుండి రూపం మార్చుకుంటుంది. మామూలుగా దారిని మధ్యలో గన్నేరు మొక్కలున్న విభాజకం చీలుస్తుంది. ఇక్కడ మొక్కలు లేవు, శాశ్వతమైన గట్టు లేదు, అవసరమైనప్పుడు తొలగించడానికి వీలైన అడ్డుకట్టలు మాత్రమే ఉన్నాయి. వంపు గాని ఎత్తుపల్లం గాని లేకుండా 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పరిచి ఉంటుంది, పక్కన పర్యవేక్షణ కోసం కట్టిన చిన్న టవరు కనిపిస్తుంది. దీనిని అత్యవసర ల్యాండింగ్ సదుపాయం అంటారు: యుద్ధంలో వైమానిక స్థావరాల రన్‌వేలు దెబ్బతిన్నప్పుడు, లేదా తుఫాను, వరద వంటి విపత్తుల్లో సహాయ సామగ్రి దించవలసి వచ్చినప్పుడు, వాహనాలను ఆపి విమానాలను దించడానికి వీలుగా నిర్మించిన రహదారి భాగం అన్నమాట. వైమానిక దళం ఇచ్చిన కొలతల ప్రకారం జాతీయ రహదారుల సంస్థ దీనిని నిర్మించింది, ద్వీపకల్ప భారతంలో ఇటువంటిది ఇదే మొదటిది. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే స్వభావం గలది. దాని మీద వేసిన దారి కాలక్రమేణా అలలుగా లేవడం ఈ ప్రాంతపు బస్సు ప్రయాణికులందరికీ అనుభవమే, అందువల్ల టన్నుల బరువుతో గంటకు వందల కిలోమీటర్ల వేగాన తాకే చక్రాలకు తట్టుకునేలా ఇక్కడ చదును నిలబెట్టడం చిన్న పని కాదు. దీని అవసరం ఏపాటిదో కూడా ఈ తీరానికి తెలుసు: 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే.

ఈ రహదారి మీద తొలి ప్రయోగం 2022 డిసెంబరు 29న జరిగింది. ఆనాడు విమానాలు నేలను తాకలేదు. దిగబోతున్నట్టే కిందికి వచ్చి, రన్‌వే మీదుగా సాగి, మళ్ళీ పైకి లేచిపోయాయి. ఈ విన్యాసాన్ని ఓవర్‌షూట్ అంటారు, దిగే మార్గంలో అడ్డంకులున్నాయా, నేల మీది గుర్తులు పైలట్‌కు స్పష్టంగా కనిపిస్తున్నాయా అని పరీక్షించడానికి ఇది తొలి మెట్టు. రెండో ప్రయోగం 2024 మార్చి 18న. ఆ రోజు సుఖోయ్ 30, హాక్ జెట్లు ఓవర్‌షూట్‌తో సరిపెట్టుకోగా, ఆంటోనోవ్ 32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి, తిరిగి ఎగిరాయి. పంటల పంచాంగంలో ఈ రెండు తేదీలను పెట్టి చూస్తే, మొదటిది పత్తి తీతలు చివరికొస్తూ మిరప పండుబారే కాలం, రెండోది కోసిన మిరప కల్లాల్లో ఎండుతూ, తాలుకాయలు ఏరే కూలీలతో రేయింబవళ్ళు సందడిగా ఉండే కాలం. రహదారి మూసి, రాకపోకలు పక్కదారులకు మళ్ళించి, కుక్కలూ పశువులూ రాకుండా కాపలా పెట్టి, చక్రాలకూ ఇంజన్లకూ ముప్పు తెచ్చే చిన్న రాయిని కూడా ఊడ్చి తీశాక గాని విమానం దిగదు. మార్చిలో ఈ నేల మీది నుంచి లేచే వేడిగాలి విమానాన్ని కుదుపుతుంది, దిగవలసిన చోటు కన్నా ముందుకు తేలేట్టు చేస్తుంది. అటువంటి వేళ దిగగలిగితేనే ప్రయోగానికి అర్థం.

ఆ నాలుగు రకాల్లో జనం చూపు సహజంగా సుఖోయ్ మీదికి పోతుంది. పాత విమానాల అభిమాని మాత్రం ఆంటోనోవ్ కోసమే ఎదురుచూస్తాడు, ఆ ఎంపికకు బలమైన కారణముంది. కీవ్‌లోని ఆంటోనోవ్ సంస్థ 1976లో తొలిసారి ఎగరేసిన ఈ విమానానికి మొదటి, అతిపెద్ద కొనుగోలుదారు భారతదేశమే. 1984 నుంచి వందకు పైగా మన సేవలో చేరాయి, సట్లెజ్ అని మన పేరూ పెట్టుకున్నాం. దాని ఆకారంలో కొట్టవచ్చినట్టు కనిపించేది ఇంజన్ల స్థానం. సాధారణంగా ఇంజన్లను రెక్కకు కిందనో ముందునో బిగిస్తారు. ఆంటోనోవ్ 32కు రెక్క అసలే విమానపు నడినెత్తిన ఉండగా, ఆ రెక్కకూ పైన బుంగల్లాంటి రెండు ఇంజన్లు కూర్చుంటాయి. హిమాలయాల్లోని ఎత్తైన మైదానాల్లో, వేసవి వేడిలో, గాలి పలచబడినప్పుడు కూడా బరువుతో లేవడానికి పెద్ద ఇంజన్లు, వాటికి తగ్గ పెద్ద ప్రొపెల్లర్లు అవసరమయ్యాయి; ఆ ప్రొపెల్లర్ల కొసలు నేలకూ విమానపు పక్కలకూ తగలకుండా ఉండాలంటే ఇంజన్లను పైకి ఎత్తక తప్పలేదు. ఒక్కొక్క ఇంజను శక్తి 5,000 అశ్వశక్తికి పైమాటే. దిగేటప్పుడు జెట్ విమానంలా గర్జించకుండా, గొంతు బిగబట్టి మూలిగినట్టు సన్నగా మొదలై, దగ్గరికొచ్చేకొద్దీ ప్రొపెల్లర్ల దడదడతో బరువెక్కే దాని శబ్దం ఒకసారి చెవిన పడితే మరచిపోవడం కష్టం. చక్రాలు కాంక్రీటును తాకిన క్షణంలో లేచే తెల్లటి పొగ, ఆ వెంటనే ప్రొపెల్లర్ రెక్కలు కోణం మార్చుకుని గాలిని ఎదురు నెట్టేటప్పుడు శబ్దంలో వచ్చే మార్పు, వీటి కోసం అభిమాని గంటల తరబడి ఎండలో నిలబడతాడు.

నలభై ఏళ్ళు దాటి పనిచేస్తున్న యంత్రం మీది ప్రేమ దాని ప్రమాదాలను మరవరాదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన ఆంటోనోవ్ 32 ఒకటి 29 మందితో బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖలోని నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే పౌర ఉద్యోగులు. శకలాల ఆచూకీ ఏడున్నరేళ్ళకు, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున తీసిన ఛాయాచిత్రాల్లో బయటపడింది. ఆ వార్త వచ్చిన రెండు నెలలకే అదే రకం విమానం అద్దంకి దగ్గర రహదారి మీద దిగింది. చూడవచ్చినవారిలో కొందరికైనా ఆ కుటుంబాలు గుర్తుకు వచ్చి ఉంటే, ఈ అభిరుచికి ఉండవలసిన గాంభీర్యం అక్కడ ఉన్నట్టే.

ఆనాడు వచ్చిన హాక్ గురించి ఒక మాట. ఇది 1974లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ శిక్షణ విమానం, మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారు చేసింది. బ్రిటన్ ప్రదర్శనల్లో ఎర్ర రంగుతో విన్యాసాలు చేసే రెడ్ ఆరోస్ బృందమూ, బీదర్ స్థావరం నుంచి వచ్చే మన సూర్యకిరణ్ బృందమూ వాడేది ఈ కుటుంబాన్నే. ఇంగ్లండ్ పోయి చూడవలసిన విమానం పంగులూరు పొలాల మీదుగా పోయింది.

సూర్యలంక ఈ ప్రయాణంలో ఒక చిన్న మలుపు. బాపట్లకు దగ్గరి ఆ సముద్రతీరంలో ఉన్న వైమానిక దళ స్థావరం ప్రధానంగా క్షిపణుల ప్రయోగ క్షేత్రం. 2023 డిసెంబరులో ఆకాశ్ వ్యవస్థ ఒకే విడతలో నాలుగు లక్ష్యాలను ఛేదించిన విన్యాసం అక్కడ జరిగింది. పాత విమానాలు వెతుక్కునేవారికి అక్కడ దొరికేది తక్కువ.

దొనకొండ సంగతి వేరు. అద్దంకి నుంచి దర్శి మీదుగా పడమటికి పోతే రేగడి పలచబడి, నేల రాతితనానికి తిరిగి, పత్తి స్థానంలో కంది, మెట్ట పైర్లు కనిపిస్తాయి. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు మార్గంలో ఉన్న ఈ ఊరు మీటర్‌గేజ్ రోజుల్లో రైలింజన్ల షెడ్డుతో వెలిగింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ విమానాశ్రయం ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన తరవాత తూర్పుతీరం మొత్తం యుద్ధభూమికి అంచుగా మారింది. గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండల్లో ఆనాటి మైదానాలు ఆ కాలపు జాడలే. వాటిలో గన్నవరం నేడు విజయవాడ విమానాశ్రయమై జనంతో కిటకిటలాడుతుంటే, దొనకొండలో సుమారు 136 ఎకరాల స్థలం వాడుక లేక పడి ఉంది. దాన్ని పునరుద్ధరించాలన్న ప్రతిపాదనలు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. పచ్చిక మైదానాన్నే ప్రాణంగా కాపాడుకుంటున్న ఓల్డ్ వార్డెన్ గురించి తెలిసినవారికి ఇక్కడ నిలబడినప్పుడు కలిగే విచారం మాటల్లో పెట్టడానికి కష్టమైనది: బ్రిటిష్ వారు వేసిన నేల మన చేతిలో ఉంది, మన విమానాలు వారి చేతిలో ఎగురుతున్నాయి.

అయితే ఎగిరేవి మనకు అసలే లేవని కాదు. వైమానిక దళపు వింటేజ్ విభాగంలో టైగర్ మాత్, హార్వర్డ్ శిక్షణ విమానాలతో పాటు పరశురామ అనే డకోటా ఉంది. డకోటా అంటే 1935లో తొలిసారి ఎగిరిన డీసీ 3 ప్రయాణికుల విమానానికి సైనిక రూపం. ముందు రెండు పెద్ద చక్రాల మీద, వెనక తోక కింద ఒక చిన్న చక్రం మీద నిలబడి, ఎప్పుడూ ముక్కు ఆకాశం వైపు ఎత్తుకుని చూస్తుంటుంది. 1947 అక్టోబరు 27న కశ్మీర్ రక్షణకు సిక్కు సైనికులను శ్రీనగర్‌లో దించినవి డకోటాలే. అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ తన తండ్రి, విశ్రాంత ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ పేరిట బహూకరించిన ఈ విమానాన్ని ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో బాగుచేశారు. 2018 ఏప్రిల్‌లో అది అక్కడి నుంచి ఐరోపా, పశ్చిమాసియాల మీదుగా మజిలీలు చేసుకుంటూ సొంత ఇంజన్లతోనే ఎగిరి భారతదేశం చేరి, మే 4న హిండన్ స్థావరంలో దళంలో చేరింది. 2022 గణతంత్ర దినోత్సవాన 1971 బంగ్లాదేశ్ యుద్ధం నాటి టంగాయిల్ పారాచూట్ దాడి స్మృతిలో అది రెండు డోర్నియర్ల నడుమ ఢిల్లీ మీద ఎగిరింది. బరువెక్కువ లేని డకోటా దిగడానికి సుమారు ఒక కిలోమీటరు చాలు. అద్దంకి దగ్గర నాలుగున్నాయి.

రహదారి పక్కన ప్రదర్శన అనగానే భద్రత ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. 2015 ఆగస్టు 22న దక్షిణ ఇంగ్లండ్‌లోని షోరమ్ ప్రదర్శనలో పాత హాకర్ హంటర్ జెట్ ఒకటి పక్కనున్న రహదారి మీద కూలి 11 మంది ప్రాణాలు తీసింది. చనిపోయినవారెవరూ మైదానం లోపలి ప్రేక్షకులు కారు. ఆ తరవాత బ్రిటన్ నిబంధనలను బాగా బిగించింది, ప్రదర్శనలను మాత్రం మానలేదు. మన రహదారి ప్రయోగాలకు ఆ పాఠం సరిగ్గా వర్తిస్తుంది: పాత విమానంతో విన్యాసాలు వద్దు, తిన్నగా వచ్చి దిగి, లేచి పోతే చాలు.

అందువల్ల వైమానిక దళానికి ఈ ప్రాంతపు అభిమానుల తరఫున చేయదగిన విన్నపం ఒక్కటే: ఈ రహదారి మీద జరిగే మరో ప్రయోగంలో ఆంటోనోవ్, డోర్నియర్ల సరసన పరశురామకూ చోటు ఇవ్వాలి. జిల్లా యంత్రాంగం తేదీని ముందుగా ప్రకటించి, తూర్పు పక్క పొలాల్లో, ఉదయపు ఎండ వీపుకు తగిలేచోట, రన్‌వేకు తగినంత దూరంలో కంచె వేసి చూపరులకు స్థలం కేటాయించాలి. చూడబోయేవారు డ్రోన్లు, గాలిపటాలు ఇంట్లోనే వదిలి, తిండి పొట్లాలు పొలాల్లో పారేసి పక్షులను పిలవకుండా ఉండాలి; రైతు అనుమతి లేకుండా మిరప కల్లంలో అడుగు పెట్టరాదు. విమానాలు రావడానికి చాలా ముందే రహదారి మూసివేస్తారు కనుక, మళ్ళింపు దారులు తెలుసుకుని తెల్లవారేసరికే చేరుకోవడం మంచిది.